బంగారు పురుగు వీపు మీద

జులై 7, ఆదివారం

ఆషాఢం వచ్చింది. పెళ్లిళ్లు బంద్. నెల రోజులపాటు ఎవరినీ కెమెరా ముందు నవ్వమని బతిమాలాల్సిన పని లేదు. నన్నడిగితే పెళ్లివాళ్ల కంటే పురుగులు నయం. ఆల్బంలో మా మేనత్త ఏదని కొట్లాటకు రావు.

పొద్దున్నే అవ్వను, అదే మా అమ్మను, బండి మీద ఎక్కించుకుని డ్యాం కట్ట కిందికి పోయాను. వానలు పడగానే అక్కడి తుమ్మచెట్ల మీదికి బంగారు పురుగులు వస్తాయి. ఆకుపచ్చ వీపు, బంగారు మెరుపు. చిన్నప్పుడు అగ్గిపెట్టెల్లో పెట్టుకుని తిరిగేవాళ్లం. దాన్ని ఫొటో తీయడం మాత్రం పిల్లలాట కాదు. ఆ వీపు అద్దం. ఉట్టి ఫ్లాష్ కొడితే తెల్లటి మచ్చ పడి రంగంతా మాడిపోతుంది. ఫ్లాష్‌కూ పురుగుకూ మధ్య తెల్లగుడ్డ పట్టాలి, దాన్నే డిఫ్యూజర్ అంటారు. ఆ గుడ్డ పురుగుకు ఎంత దగ్గరగా ఉంటే వెలుతురు అంత మెత్తగా పడుతుంది. కొంచెం దూరం జరిగినా నీడలు కోసినట్టు వస్తాయి.

నా డిఫ్యూజర్ బజారులో దొరికేది కాదు, అవ్వ చేసింది. తీగను గంపలా వంచి, సిరిసిల్ల నుంచి తెచ్చిన తెల్లగుడ్డ రెండు ముక్కలు దాని మీద కప్పింది. మొదట మిషన్ మీద కుట్టింది. ఆ కుట్టు నల్లటి గీతలాగా పురుగు వీపు మీద కనబడింది. నేను విసిరికొట్టాను. ఆమె మళ్లీ కూర్చుని కుట్టు విప్పి, రెండు ముక్కల అంచుల నుంచి పోగులు లాగి, మరమగ్గాల సాంచాల మీద అయిపోయిన పడుగు అచ్చుకు కొత్త అచ్చు అతికినట్టు పోగుకు పోగు మెలేసి అతికింది. బాపు ఉన్నప్పుడు కార్ఖానాలో ఆమె చేసిన పని అదే. ఇప్పుడు కుట్టు లేదు, నీడ లేదు. ఫొటోను బాగా పెద్దది చేస్తే చీమలబారులాంటి సన్నటి గీత ఒకటి కనబడుతుంది, అంతే.

చేయడం వచ్చింది గానీ పట్టుకోవడం రాదు. ఈ రోజు చేతులు ఒకటే వణుకుడు. మంచి పురుగు, కొమ్మ చివర కుదురుగా కూర్చుంది. ఆమె చెయ్యి కదిలి, గుడ్డ కొమ్మకు తగిలి, అది ఎగిరిపోయింది.

“కదలకుమంటే అర్థం గాదా? అవి చేతులా, కట్టెలా?” అన్నాను.

“నిలవడి నిలవడి కాళ్లు గుంజుతున్నయ్ కొడుకా. జర కూసుంటనంటే కూసోనియ్యవు.”

“నువ్వు కూసుంటే వెలుతురు ఎవరు పట్టాలె?”

నేను అన్నదాంట్లో తప్పేమీ లేదు. పని దగ్గర పనే.

జులై 8

చాయ్ పెట్టింది. మాట్లాడలేదు. ఎన్నాళ్లు మాట్లాడదో నేనూ చూస్తాను.

జులై 10, బుధవారం

ఫొటోగ్రాఫర్ల సంఘం వాళ్లు పురుగుల ఫొటోల పోటీ ఎగ్జిబిషన్‌కు ఎంట్రీలు పంపినవాళ్ల పేర్లు గ్రూపులో పెట్టారు. ప్రణయ్ స్టూడియో పేరు చూసి ఒళ్లు మండింది.

వాడికి కెమెరా పట్టుకోవడం నేర్పింది నేను. నా స్టూడియోలో పని నేర్చుకున్నాడు, నా చెల్లెలు ప్రవళికను చేసుకున్నాడు, ఏడాది తిరక్కుండా ధర్మపురిలో గుడి దగ్గర సొంత స్టూడియో తెరిచి నా గిరాకీలను పట్టుకుపోయాడు. పోతే పోయాడు, పరాయివాడు. కానీ ప్రవళిక కూడా నా మొహం మీదే “ఆయన జేసిన దాంట్ల తప్పేమున్నదన్నా” అన్నది. ఆ మాటతో నాకు చెల్లెలు లేకుండా పోయింది. బిడ్డ పుట్టిందని ఫోన్ చేస్తే ఎత్తలేదు. పిల్లను ఉయ్యాలలో వేసే తొట్లె ఫంక్షన్‌కు నేను పోలేదు, అవ్వను పోనివ్వలేదు. ఆ పిల్లకు ఇప్పుడు ఏడాదిన్నర ఉంటుంది. పేరు హర్షిణి అట. ఎవరో చెప్తే చెవిన పడింది, నేను అడగలేదు.

అవ్వ శనివారం శనివారం ధర్మపురి పోతుంది, నర్సింహస్వామి దర్శనానికి. గుడి దాటి ఎటూ పోవద్దని ముందే చెప్పాను. దేవుడి దగ్గరికి కూడా పోవద్దనడానికి నేనేమీ రాక్షసుణ్ని కాదు.

వాడు పెళ్లి ఫొటోలు తీసుకుంటే సరిపోదా, ఇప్పుడు పురుగులు కూడా కావాలా?

జులై 14, ఆదివారం

మొదటి బహుమతి ప్రణయ్ స్టూడియోకు. నాకు ప్రోత్సాహక బహుమతి. ఇన్నేళ్ల నుంచి ఫ్లాష్‌లు కొడుతున్నవాడికి ప్రోత్సాహం ఇచ్చారు. ఆ షీల్డును స్కూటీ డిక్కీలోనే పడేశాను.

బంగారు పురుగు ఫొటోయే. వాడి మీద కోపంతో చూశాను, అయినా బాగుందని ఒప్పుకోవాలి. వీపు మీద ఒక్క తెల్లమచ్చ లేదు. గుంతలు గుంతలుగా ఉన్న ఆ ఆకుపచ్చ అంతా, అంచుల దగ్గరి రాగి రంగుతో సహా కనబడుతోంది. డిఫ్యూజర్‌ను దాదాపు కొమ్మకు ఆనించి పెడితే తప్ప అట్లా రాదు. ఎవరు పట్టుకున్నారో గానీ కదలకుండా పట్టుకున్నారు.

ముక్కు ఫ్రేముకు తగిలేంత దగ్గరికి పోయి చూశాను. వీపు మీద డిఫ్యూజర్ ప్రతిబింబం తెల్లగా, గంపలాగా ఉంది. దాని నడుమ ఒక సన్నటి గీత. చీమలబారు.

మా సంఘం అధ్యక్షుడు కైలాసం సారు, కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాడు, నా పక్కన నిలబడి “ఏం వెలుతురయ్యా గిది” అంటున్నాడు. నా చెవుల్లో ఏమీ దూరలేదు. ప్రణయ్ అవతలి వరసలో నిలబడి “బావా” అన్నాడు. వినబడనట్టు బయటికి వచ్చాను.

ఆ అతుకు నా ఇంట్లో తప్ప ఎక్కడా లేదు. ఉండకూడదు.

జులై 15

అవ్వ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పోయి ఎదురుగా నిలబడ్డాను.

“శనివారం నువ్వు పోయేది గుడికేనా?”

“గుడికి గూడ పోత.”

“గూడ అంటే?”

“దండం వెట్టుకున్నంక బిడ్డ ఇంటికి పోత. పిల్లను ఎత్తుకుంట. మల్ల బస్సెక్కి అస్త.” తల ఎత్తలేదు. ఒక్క ఈనె కూడా తెగకుండా లాగుతోంది.

“ఎప్పటి సంది?”

“తొట్లె అయినప్పటి సంది.”

“అంటే ఇన్నొద్దులు నన్ను మోసం జేసినవ్.”

“నువ్వడుగలే, నేను జెప్పలే. ఎట్లున్నరు, ఏం దిన్నరు అని ఒక్కనాడన్న అడిగినవా? చెయ్యి ఎందుకు వణికింది, ఎందుకు కదిలినవ్, గదే గదా నీ అడుగుడు.”

“ఆనికి డిఫ్యూజర్ ఎందుకు చేసిచ్చినవ్?”

“ఆనికి గాదు. బిడ్డ అడిగింది, జేసిచ్చిన. నా చేతులే గదా, నీవి గావు.”

చెల్లెల్ని అడ్డం పెట్టుకుని వాడు నా ఇంట్లోకి చెయ్యి పెట్టాడు. నా తల్లి దగ్గరుండి పెట్టించింది. నాకు నెత్తికెక్కింది.

“ఇగ ఆ ఇంటికి పోవద్దు. పోతే మల్ల ఈ గడప తొక్కద్దు.”

ఆమె చివరి కాయ కూడా తుంచి గిన్నెలో వేసింది. చేతులు తుడుచుకుంది.

“కోపంల అంటున్నవా, నిజంగనే అంటున్నవా?”

“నిజంగనే.”

“సరె,” అన్నది.

జులై 16

కూర వండి మూత పెట్టి, పొద్దటి ధర్మపురి బస్సుకు పోయింది. మంచిదే. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

జులై 17

కూరలో ఉప్పు తక్కువ. అయినా మొత్తం తిన్నాను. పారేస్తే చీమలు పడతాయని.

జులై 18, గురువారం

కైలాసం సారు ఇంటికి పోయి ఫిర్యాదు చేశాను. పోటీ నియమం స్పష్టంగా ఉంది. పంపినవాళ్లే తీయాలి, సొంత సామానుతో తీయాలి. వాడి వెలుతురు నా ఇంటిది. దాన్ని దొంగ సొమ్ము అనక ఏమనాలి?

సారు చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

“ఒక గీతను వట్టుకోని మనిషిని దొంగ అంటే ఎట్లనయ్య సాయిచంద్?”

“ఆ అతుకుడు మా అవ్వ తప్ప ఇంకోలు అతకరు సారు.”

“అయితె మీ అవ్వను తోల్కరా, చెప్తది.”

“ఆమె రాదు.”

“ఏమాయె?”

“రాదు సారూ, ఇడిసిపెట్టుండ్రి.”

చివరికి ఒప్పుకున్నాడు. ఇరవై ఎనిమిదిన సంఘం మీటింగ్‌లో ఆ ఫొటోను గోడ మీద పెద్దగా వేసి నేను రుజువు చేయాలి. వాళ్లు పంపిన అసలు ఫైలు కూడా ఇచ్చాడు. బహుమతి వాపస్ ఇప్పిస్తాను. ఇప్పించి, ఆ షీల్డును వాడి చేతిలోంచే తీసుకుంటాను. అప్పుడు అవ్వ ఎవరి పక్కన నిలబడుతుందో చూస్తాను.

జులై 19

డ్యాం కట్టకు ఒక్కణ్నే పోయాను. మనిషి లేకపోతే పని ఆగుతుందా ఏమిటి, స్టాండు ఉంది కదా. డిఫ్యూజర్‌ను స్టాండుకు కట్టాను. గాలికి గుడ్డ తెరచాపలాగా ఊగింది. స్టాండు కొమ్మకు దగ్గరగా జరిపితే కొమ్మ ఊగింది. దూరంగా జరిపితే నీడలు గట్టిగా పడ్డాయి. ఒక చేత్తో డిఫ్యూజర్, ఒక చేత్తో కెమెరా పట్టుకుంటే రెండూ వణికాయి. తుమ్మముల్లు అరచేతిలో దిగింది. పశువులు కాసే ఒకాయన గట్టు మీద కూర్చుని, నేను పోయేదాకా చూసి, “అవ్వ రాలేదా సారూ ఇయ్యాల?” అన్నాడు. ఊరందరికీ నా ఇంటి లెక్కలే కావాలి.

అవ్వ గంటలకొద్దీ అట్లా నిలబడేది అన్న మాట నిజమే. అందుకని నేనేం చేయాలి?

జులై 20, శనివారం

శనివారం. ధర్మపురి బస్సు ఎక్కించే పని లేదు. హాయి.

జులై 23, మంగళవారం

రుజువు కోసం ఫైలును కంప్యూటర్‌లో తెరిచి పెద్దది చేశాను. అతుకు ఖాయంగా అవ్వదే. అద్దంలో తిరగబడినదాన్ని సరిచేసి చూస్తే ప్రతి పోగు మెలి ఎడమ వైపుకు ఉంది. ఆమెది ఎడమచేతి వాటం. ఈ ఒక్క ముక్క చాలు వాడి నోరు మూయించడానికి.

గీత వెంబడే చూసుకుంటూ కిందికి వచ్చాను. వీపు వంపు తిరిగే చోట, తెల్లటి గంప అంచు కింద, ఒక మనిషి ఉంది. గింజంత. ఇంకా పెద్దది చేశాను. మసకగా ఉన్నా నిలబడిన తీరు తెలుస్తుంది. కొంగు నడుముకు చుట్టింది. ఎడమ చెయ్యి పైకెత్తి డిఫ్యూజర్ పట్టుకుంది. ఆ చెయ్యి నిటారుగా ఉంది, వణుకు లేదు.

నా దగ్గర మాత్రం వణుకుతుంది.

కుడి చంకలో ఏదో ఎర్రగా ఉంది. సంచి అనుకున్నాను. సంచి కాదు. దానికి చెయ్యి ఉంది. ఆ చెయ్యి డిఫ్యూజర్ తీగను అందుకోవడానికి చాచి ఉంది.

ఫైలు మూసేశాను.

మళ్లీ తెరిచాను. మొహం కనబడదు, ఎంత పెద్దది చేసినా చుక్కలే. నెత్తి మీద పిలక మాత్రం తెలుస్తుంది. చిన్నప్పుడు ప్రవళికకు అవ్వ అట్లాగే నెత్తి నడుమ పిలక వేసేది. నేను దాన్ని పట్టుకుని గుంజేవాణ్ని.

ఒక ముసలామె ఒక చేత్తో పిల్లను మోస్తూ ఇంకో చేత్తో వెలుతురు పట్టింది. అట్లాంటి పని చేయించుకున్నవాడికి సిగ్గుండాలి. ఇది కూడా మీటింగ్‌లో చెప్తాను.

జులై 24

పిలక ఫొటో ఇంకోసారి చూశాను. రుజువు కోసమే.

జులై 25

అవ్వ కళ్లద్దాలు టీవీ పక్కన దొరికాయి. అవి లేకపోతే ఆమెకు బస్సు బోర్డు కూడా కనబడదు. ఎట్లా పోయింది? ఎవరినో అడిగి ఎక్కి ఉంటుంది. ఫోన్ చేసి చెప్పాలా? ఆమెకు అవసరమైతే ఆమే చేస్తుంది.

చెయ్యలేదు. ఇద్దరిదీ ఒకటే మొండితనం. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది.

జులై 28, ఆదివారం

మీటింగ్‌కు ముందే పోయి మొదటి వరసలో కూర్చున్నాను. ప్రణయ్ వచ్చాడు, వెనక ప్రవళిక వచ్చింది. చిక్కింది. నన్ను చూసి ఆగింది, పలకరించలేదు. నేనూ పలకరించలేదు. పిల్లను తేలేదు. అవ్వ కూడా రాలేదు. ఇద్దరూ ఇంటి దగ్గర ఉండి ఉంటారు.

గోడ మీద పురుగు ఇంత పెద్దగా పడింది. లేచి మొదలుపెట్టాను. పోగులు చూపించాను, ఎడమ మెలి చూపించాను. ఇది నా ఇంట్లో తయారైన వస్తువు, నా కోసం పుట్టిన పద్ధతి, దాన్ని దొంగచాటుగా చేయించుకుని ప్రణయ్ ఈ ఫొటో తీశాడు అన్నాను. గొంతు బాగానే లేచింది. సంఘంలో వాడంటే పడనివాణ్ని నేనొక్కణ్నే కాదు, చాలామంది, తలలు ఊపారు.

ప్రణయ్ లేవబోయాడు. ప్రవళిక వాడి భుజం మీద చెయ్యి పెట్టి కూర్చోబెట్టి తనే లేచింది.

“ఫొటో ఆయన తియ్యలే సారూ. నేను తీసిన.”

అందరూ వెనక్కి తిరిగారు.

“స్టూడియో పేరు మీద పంపినం, గందుకే నా పేరు లేదు. పెళ్లిగాక ముందు అన్న స్టూడియోల ఆరేండ్లు కంప్యూటర్ ముంగట కూసున్న. కెమెరా ముట్టుకోనియ్యకపోయేది. ఫోకస్ ఎట్ల జెయ్యాలె, వెలుతురు ఎంత దగ్గర వెట్టాలె, అన్న వేరెటోళ్లకు చెప్తుంటె ఇనుకుంట నేర్చుకున్న. దొంగతనమంటె గదే, సారు. ఇనుడు.”

నేను గోడ మీది పురుగు వైపు తిరిగాను.

కైలాసం సారు ఈ గొడవను దారి మళ్లించడానికి కాబోలు, గోడ దగ్గరికి పోయి కర్రతో పురుగు వీపు కింది వంపును చూపించాడు.

“గీడ ఎవరో ఉన్నరు గదా. గీ వెలుతురు వట్టింది ఎవరు?”

నన్నే అడిగాడు. రుజువు తెచ్చింది నేనే కదా.

“మా అవ్వ,” అన్నాను.

“చంకల పిల్ల ఉన్నట్టుంది?”

గోడ మీద ఆ ఎర్ర గౌను నా అరచేయంత ఉంది. ఆ చెయ్యి చాచే ఉంది. ఎవరి పిల్ల అని అంటే ప్రణయ్ పిల్ల అని చెప్పడానికే పొద్దటి నుంచి తయారై ఉన్నాను. ఆ పేరు కూడా నోటి దాకా వచ్చింది.

“మా పిల్ల,” అన్నాను.

సారు నా వైపు చూశాడు, ప్రవళిక వైపు చూశాడు. “మరి ఫిర్యాదు ఎవరి మీదనయ్య? అందరు మీ ఇంటోళ్లే ఉన్నరు గదా ఇందుల.”

“ఎవరి మీద లేదు సారు. రాసుకున్నదుంటె కొట్టేయిండ్రి.”

ఎవరో నవ్వారు. నవ్వనీ. పెన్‌డ్రైవ్ గుంజుకుని బయటికి వచ్చాను. ప్రణయ్ మెట్ల దాకా వచ్చి “బావా, జర ఆగు” అన్నాడు. ఆగలేదు. వాడితో మాట్లాడేది ఏమీ లేదు. నిన్న లేదు, ఈ రోజూ లేదు.

ఇంటికొచ్చి తలుపు తీస్తే చిక్కుడుకాయలు తెచ్చిన సంచి ఇంకా మేకుకే వేలాడుతోంది.

ఆగస్టు 8

శ్రావణం. ముహూర్తాలు మొదలయ్యాయి. ఈ రోజు పెళ్లిలో పెళ్లికూతురు అమ్మమ్మను ఫొటోకు నిలబడమంటే చేతులు వణుకుతున్నాయని వెనక్కి జరిగింది. కుర్చీ తెప్పించి కూర్చోబెట్టాను. నా పక్కవాడు వింతగా చూశాడు.

ఆగస్టు 11, ఆదివారం

కళ్లద్దాలు ఇచ్చి వద్దామని ధర్మపురి పోయాను. అందుకే పోయాను. పొద్దున గుడి దగ్గర పెళ్లిళ్లు ఉంటాయి, ప్రణయ్ ఇంట్లో ఉండడని చూసుకునే పోయాను.

అవ్వ గడపలోనే కూర్చుని ఉంది. అద్దాలు తీసుకుని పెట్టుకుంది. నన్ను పై నుంచి కింద దాకా చూసింది.

“బక్కగైనవ్.”

“వంట చేసుకుంటలేనా ఏంది? నడువు, పోదాం.”

“ఎట్ల అస్త? గడప తొక్కద్దంటివి గదా.”

“అన్న. ఇప్పుడు రమ్మంటున్న.”

“రమ్మంటే అచ్చుడు, పొమ్మంటే పోవుడు నా తోని గాదు కొడుకా. రేపు అస్త. మల్ల శనివారం గీడికస్త. గుడికి అని జెప్ప, బిడ్డ ఇంటికి అనే జెప్త.”

ఆమె అడగలేదు, చెప్పింది. నేను సరే అనలేదు, కాదనీ అనలేదు.

పెరట్లో తుమ్మచెట్టు కింద ప్రవళిక కెమెరా పట్టుకుని వంగి ఉంది. కొమ్మ మీద పురుగు. డిఫ్యూజర్ కింద గడ్డిలో పడి ఉంది, పట్టేవాళ్లు లేరు. నన్ను చూసి నడుము ఎత్తింది.

“పోతది ఇగ అది,” అన్నది.

వంగి డిఫ్యూజర్ తీసుకున్నాను. దగ్గరగా పెట్టాను. ఇంకా దగ్గరగా పెట్టాను. బరువేమీ లేదు, కానీ చెయ్యి ఎత్తి ఉంచితే భుజం కాసేపటికే గుంజడం మొదలుపెడుతుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

ప్యాంటును ఎవరో పట్టుకుని గుంజారు. కిందికి చూశాను. పిలక. నోట్లో వేలు, ముక్కు నిండా చీమిడి. నా మోకాలును చెట్టు అనుకుందో ఏమో, రెండు చేతులతో వాటేసుకుని తల పైకెత్తి డిఫ్యూజర్‌ను చూస్తోంది. నా చెయ్యి కదిలింది.

“కదలకుమంటే అర్థం గాదా అన్నా?” అన్నది ప్రవళిక, కెమెరాలోంచి కన్ను తీయకుండానే.

వెనక గడపలోంచి అవ్వ నవ్వు వినబడింది. ఆ నవ్వుకు ఒళ్లు మండింది. అయినా పిల్ల వదిలేదాకా కదలలేదు.